పాత లైట్ మీటరు కొనేముందు కాస్త చరిత్ర

"చేతిలో ఫోనుంది, అందులో ఉచితంగా దొరికే లైట్ మీటరు యాప్ ఉంది. మళ్ళీ డబ్బులు పోసి యాభై ఏళ్ళనాటి డబ్బా ఒకటి కొనడం దేనికి?" ఫిల్ము కెమెరా మోజులో పడ్డ నన్ను ఆఫీసులో మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ప్రశ్న సబబైనదే. ఒక్క ముక్కలో చెప్పాలంటే నా జవాబు ఇదీ: కాంతిని కొలవడం ఒక పని, ఎంత కాంతి కావాలో నిర్ణయించడం ఇంకో పని. ఈ రెండూ కలిసిపోయిన పరికరంతో ఫోటోలు తీయొచ్చు గానీ ఎక్స్‌పోజర్ నేర్చుకోవడం కష్టం. అవి విడివిడిగా కనబడే పరికరాలు ఒక కాలంలో తయారయ్యాయి. ఇప్పుడవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి.

ఈ మాట ఊరికే అంటే ఎవరూ ఒప్పుకోరు. అంచేత కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు అసలు సమస్య చూద్దాం. ఫిల్ము మీద పడే కాంతి తక్కువైతే నీడల్లోని వివరాలు నెగెటివ్ మీదకి రానే రావు. మరీ ఎక్కువైతే వెలుగున్న చోట్లు మొద్దుబారిపోతాయి. మన చేతిలో ఉన్నవి మూడే: ఫిల్ము వేగం, లెన్సు రంధ్రం, షట్టర్ తెరిచి ఉంచే సమయం. డిజిటల్ కెమెరాలో అయితే వెంటనే తెర మీద చూసుకుని సరిదిద్దుకోవచ్చు. ఫిల్ములో రీలు పూర్తయి, కడిగించాక గానీ సంగతి తెలియదు. ప్రోగ్రాము రాసి ఇచ్చేసి, వారం తర్వాత ఎర్రర్ల జాబితా అందుకోవడం లాంటిదన్నమాట. పంచ్ కార్డుల కాలం చూసిన పెద్దవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు.

1839లో డాగెర్ పద్ధతి లోకానికి తెలిశాక, సుమారు యాభై ఏళ్ళపాటు ఫోటోగ్రాఫరు అనుభవమే మీటరు. మబ్బు పడితే ఇంత, ఎండ కాస్తే ఇంత, సాయంత్రమైతే ఇంత అని ఎవరి లెక్కలు వారివి. మన హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పేరుపొందిన రాజా దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. విద్యుత్తుతో కాంతిని కొలిచే మీటరు బజారుకి రావడానికి అప్పటికింకా పాతికేళ్ళకు పైగా ఉంది. ఆయన తీసిన ప్యాలెస్‌ల ఫోటోలు, దర్బారు ఫోటోలు ఈసారి చూసినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోండి. తెల్లటి గోడలు, నల్లటి షేర్వాణీలు, నీడ పడ్డ వరండాలు, అన్నిటినీ ఒకే గాజుపలక మీద ఇమడ్చడం కంటితోనూ, అనుభవంతోనూ జరిగిన పని.

ఈ అనుభవాన్ని అంకెల్లోకి దించింది ఇద్దరు ఫ్యాక్టరీ మనుషులు. ఇంగ్లండులో విడ్నెస్ అనే ఊరు అప్పట్లో క్షారాలు తయారుచేసే కర్మాగారాలకి ప్రసిద్ధి. అక్కడ పనిచేసే ఇంజనీరు వీరో చార్లెస్ డ్రిఫీల్డ్‌కి ఫోటోల పిచ్చి. తన మిత్రుడు, స్విట్జర్లాండు నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త ఫెర్డినాండ్ హర్టర్‌ని కూడా అందులోకి దింపాడు. హర్టర్‌కి ఈ "సుమారుగా ఇంత" అనే వ్యవహారం మింగుడుపడలేదు. తెలిసినంత కాంతిని తెలిసినంతసేపు గాజుపలక మీద పడనిచ్చి, కడిగాక అది ఎంత నల్లబడిందో కొలవడం మొదలుపెట్టారు. 1890లో ఆ ఫలితాలు ప్రచురించారు. అడ్డంగా కాంతి పరిమాణం లాగరిథమ్ లెక్కలో, నిలువుగా నల్లదనం. ఆ గీత కింద కాస్త వంగి, మధ్యలో తిన్నగా సాగి, పైన మళ్ళీ వంగుతుంది. ఇవాళ ఏ ఫిల్ము డేటా షీటు తెరిచినా కనబడేది ఆ గీతే.

అంతకు ముందే 1888లో వాళ్ళు యాక్టినోగ్రాఫ్ అనే సాధనానికి పేటెంటు తీసుకున్నారు. చూడ్డానికి మన పెద్దలు ఇంజనీరింగు కాలేజీల్లో వాడిన స్లైడ్ రూల్‌కి చుట్టం. ఏ నెల, ఎన్ని గంటలు, ఆకాశం ఎలా ఉంది, పలక వేగం ఎంత అన్నవి జరుపుకుంటూ పోతే ఎక్స్‌పోజర్ వస్తుంది. ఇందులో మెలిక ఏమిటంటే అది అక్షాంశం మీద ఆధారపడినది. విడ్నెస్ సుమారు 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, హైదరాబాదు సుమారు 17 మీద. అక్కడి డిసెంబరు సూర్యుడికీ ఇక్కడి డిసెంబరు సూర్యుడికీ పోలికే లేదు. అంటే అది నిజానికి కాంతిని కొలవడం లేదు. సూర్యుడు ఎక్కడ ఉండాలో పంచాంగం చూసి చెబుతోంది.

కాంతిని నేరుగా కొలిచే ప్రయత్నాల్లో ముచ్చటైనది హెర్ఫర్డ్ ఊరికి చెందిన ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్‌ది. ఆయన "బీ మీటరు" చూడ్డానికి జేబు గడియారంలా ఉంటుంది. లోపల కాంతికి నల్లబడే కాగితం, పక్కనే ఒక నమూనా రంగు. కాగితం ఆ రంగుకి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, అంచుల మీది అంకెలతో లెక్క కట్టుకోవాలి. (ఇంగ్లండులోని ప్రాచీన స్థలాలన్నీ తిన్నని గీతల మీద ఉన్నాయని 1925లో పుస్తకం రాసిన వాట్కిన్స్ కూడా ఈయనే. మనిషికి కొలతల పిచ్చి పట్టుకుంటే అంతే మరి :-)) ఇంకో రకం మీటర్లలో క్రమంగా చిక్కబడే గాజు వెనక అంకెలుండేవి. కంటికి ఆనిన ఆఖరి అంకెని బట్టి ఎక్స్‌పోజర్. ఇక్కడ చిక్కంతా మన కంటితోనే. చీకట్లో పది నిమిషాలుంటే కన్ను అలవాటుపడిపోతుంది, అంకె మారిపోతుంది.

అలవాటుపడని కన్ను కావాలి. అది సెలీనియం రూపంలో దొరికింది. వెలుగు పడితే సెలీనియం విద్యుత్ నిరోధం మారుతుందని 1873లోనే విలోబీ స్మిత్ చెప్పాడు. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ తీగల కోసం పరీక్షలు చేస్తుంటే బయటపడిన విషయమిది. 1883లో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చని బంగారు పొర వేసి, వెలుగు పడితే తనంతట తానే కరెంటు ఇచ్చే సెల్ తయారుచేశాడు. 1930ల మొదట్లో ఇలాంటి సెల్‌నీ, ముల్లున్న సున్నితమైన మీటరునీ జతచేసి అమ్మకానికి పెట్టారు. 1932లో వచ్చిన వెస్టన్ 617తో ఈ రకం మీటరు స్థిరపడింది.

ఇక్కడొక తికమక తీర్చాలి. కంపెనీ పెట్టిన ఎడ్వర్డ్ వెస్టన్ ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ విద్యుత్ పరికరాల నిపుణుడు. మిరపకాయనీ ఆల్చిప్పనీ శిల్పాల్లా ఫోటో తీసిన ఎడ్వర్డ్ వెస్టన్ వేరే మనిషి. మొదటాయన కనిపెట్టిన క్యాడ్మియం సెల్ 1911 నుంచి 1990 దాకా ఓల్టేజికి అంతర్జాతీయ ప్రమాణంగా నిలిచింది. కొలతల విషయంలో ఆయన కంపెనీ మాటకి విలువ ఉండడానికి కారణం అదే. అప్పట్లో ఫిల్ము వేగానికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. అందుకే వెస్టన్ వాళ్ళు ఫిల్ములని తామే పరీక్షించి సొంత అంకెలు ప్రకటించేవారు. అమెరికాలో ఏఎస్ఏ ప్రమాణం వచ్చింది 1943లో. మీరు కొనే పాత వెస్టన్ డయల్ మీద సొంత అంకెలే ఉంటే, 100 వేగం ఫిల్ముకి దాని మీద 80 పెట్టాలి.

నాకు బాగా నచ్చింది వెస్టన్ మాస్టర్ మీటర్ల మీది చక్రం. ముల్లు ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె చదరపు అడుగుకి ఇన్ని క్యాండిళ్ళు అని, అంటే వట్టి కొలత. ఆ అంకెని చక్రం మీద ఏ గుర్తుకి ఎదురుగా తిప్పి పెట్టాలో మీరే తేల్చుకోవాలి. నడుమ బాణం గుర్తు ఉంటుంది. దానికి 4 స్టాపులు కింద "యు" అనే గుర్తు, అంతకంటే చీకటైతే ఫిల్ముకి ఏమీ అందదని. 3 స్టాపులు పైన "ఓ" అనే గుర్తు, అంతకంటే వెలుగైతే ఫిల్ము తట్టుకోలేదని. మొత్తం 7 స్టాపులు, అంటే ఒకటికి 128 వంతులు. హర్టర్, డ్రిఫీల్డ్ గీసిన గీతలో పనికొచ్చే భాగమంతా అరచేతిలో ఉన్నట్టే.

ఈ బాణం గుర్తు వెనక ఒక ఊహ ఉంది. ఎక్స్‌పోజర్ నేర్చుకోవడమంటే చాలామటుకు ఈ ఊహని అర్థం చేసుకోవడమే. మీటరుకి బొమ్మ కనబడదు. ఎదురుగా ఉన్నది తెల్ల పంచెనా, నల్ల కోటా అన్నది దానికి తెలీదు. మీరు దేనికేసి చూపిస్తే అది నడిమి బూడిదరంగు అనుకుని లెక్క చెబుతుంది. బూడిదరంగు కార్డు అని ఫోటో షాపుల్లో అమ్మేది, తన మీద పడ్డ వెలుగులో 18 శాతం తిరిగి పంపేది, ఈ లెక్క కోసమే.

మన పెళ్ళి పందిరి తీసుకోండి. పీటల మీద తెల్ల పంచె, తెల్ల ఉత్తరీయం, పక్కన తెల్ల మధుపర్కాలు, వెనక తెల్లటి తెర. మీటరు ఇదంతా చూసి "అబ్బో, బోలెడు వెలుగు" అనుకుంటుంది. తగ్గించమంటుంది. అది చెప్పినట్టే చేస్తే పంచెలు బూడిద రంగులోకి దిగిపోతాయి, వాటికంటే కింది మెట్ల మీదున్న మన చామనఛాయ మొహాలు నీడలో కలిసిపోతాయి. పాత ఆల్బముల్లో బట్టలు చక్కగా కనబడి, మనుషుల మొహాలు గుర్తుపట్టడానికి వీల్లేని ఫోటోలు మీరూ చూసే ఉంటారు. పెళ్ళి ఫోటోలో మిగలాల్సింది మొహమా, పంచె జరీ అంచా? ఆ నిర్ణయం మీటరుకి వదిలేస్తే అది ఏం చేస్తుందో మనకి ముందే తెలుసు.

కొలత వేరు, నిర్ణయం వేరు అనడానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ యాన్సెల్ ఆడమ్స్‌ది. ఆయనా, ఫ్రెడ్ ఆర్చరూ కలిసి 1940 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లో జోన్ సిస్టం రూపొందించారు. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుగా విడగొట్టి, బొమ్మలో ఏది ఏ మెట్టు మీద ఉండాలో ముందే నిర్ణయించుకునే పద్ధతి. నడిమి బూడిదరంగు అయిదో మెట్టు, అంటే మీటరు బాణం. ఒక్కో మెట్టుకీ ఒక స్టాపు తేడా.

1941 నవంబరులో ఆయన న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీదుగా కారులో వెళ్తుంటే చంద్రోదయం, సమాధుల మీది శిలువల మీద ఆఖరి ఎండ కనబడ్డాయి. గబగబా కెమెరా బిగించారు. తీరా చూస్తే వెస్టన్ మీటరు కనబడలేదు. ఆయనకి మటుకు చంద్రుడి వెలుగు చదరపు అడుగుకి 250 క్యాండిళ్ళని గుర్తుంది. ఇక చూడండి లెక్క. చంద్రుణ్ణి ఏడో మెట్టు మీద పెడదామనుకున్నారు. అయిదో మెట్టు రెండు స్టాపులు కింద, అంటే నాలుగో వంతు, సుమారు 60. ఫిల్ము వేగం 64. దాని వర్గమూలం 8, కాబట్టి ఎఫ్/8 దగ్గర సెకనులో 60వ వంతు. లెన్సు ముందు పసుపు ఫిల్టరు ఉంది, దానికి 3 రెట్లు, అంటే 20వ వంతు. ఎఫ్/8 నుంచి ఎఫ్/32కి నాలుగు స్టాపులు, 16 రెట్లు. సుమారు ఒక సెకను. అంతే, ఎఫ్/32 దగ్గర ఒక సెకను. రెండోది తీద్దామనుకునేలోపు శిలువల మీది ఎండ పోయింది.

ఇందులో కవిత్వం ఏమీ లేదు, నాలుగు గుణకారాలు. ఆయన్ని ఆదుకున్నది ఆ 250 ఒక్కటే కాదు, "చంద్రుణ్ణి ఏడో మెట్టు మీద పెడతాను" అనే నిర్ణయం కూడా. మీటరు చేతిలో ఉన్నా ఆ రెండో ముక్క అది చెప్పదు.

ఇదే చిక్కుకి సినిమా వాళ్ళు ఇంకో దారి వెతికారు. హాలీవుడ్‌లో డొనాల్డ్ నార్వుడ్ అనే ఆయన, వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుగుని కాకుండా వస్తువు మీద పడే వెలుగుని కొలవాలన్నాడు. మీటరు మీద తెల్లటి అర్ధగోళం, అచ్చం సగం కోసిన పింగ్‌పాంగ్ బంతిలా. దాన్ని నటుడి మొహం దగ్గర పెట్టి, కెమెరా వైపు తిప్పి చదవాలి. పంచె తెల్లదైనా కోటు నల్లదైనా రీడింగు మారదు. 1940లో ఆయనకి పేటెంటు వచ్చింది. ఆ నమూనానే తర్వాత జపాన్ కంపెనీ సెకోనిక్ స్టూడియో మీటర్లుగా తయారుచేసింది. నేను కొన్నది కూడా ఆ వంశంలోదే, సెలీనియం సెల్‌తో నడిచే సెకోనిక్ ఎల్-398. బ్యాటరీ లేదు, స్విచ్చి లేదు. పెళ్ళి పందిట్లో మొహాల కోసం ఒకే మీటరు కొనమంటే నేను ఈ అర్ధగోళం ఉన్నదే కొనమంటాను.

మరోపక్క మీటరు కెమెరా లోపలికి దూరిపోయింది. 1935లో జైస్ ఐకాన్ కాంటాఫ్లెక్స్‌లో అంతర్భాగమైంది. 1938లో కొడాక్ సూపర్ సిక్స్-20 తానే ఎక్స్‌పోజర్ పెట్టడం మొదలెట్టింది. 1963లో టాప్కాన్, 1964లో పెంటాక్స్ స్పాట్‌మాటిక్ లెన్సు గుండా వచ్చే వెలుగుని కొలిచాయి. 1983లో నికాన్ ఎఫ్ఏ బొమ్మని అయిదు ముక్కలుగా చూసి, ఇది ఎలాంటి సన్నివేశమో తానే ఊహించడం మొదలుపెట్టింది. మన ఫోను కెమెరా ఆ దారిలో వచ్చిందే. నిజానికి వీటిలో ప్రతిదీ మంచి ఇంజనీరింగే, నేను కాదనను. కానీ 1983 తర్వాత ముల్లుకీ నిర్ణయానికీ మధ్య మనకి చోటు లేదు. కోడు మన ముందే ఉంటే చదివి నేర్చుకుంటాం, బైనరీ ఒక్కటే చేతికిస్తే వాడుకుంటాం.

సరే, ఇక బేరానికొద్దాం. పాత మీటర్లని సెల్‌ని బట్టి మూడు తరాలుగా విడదీస్తే కొనడం తేలిక.

మొదటిది సెలీనియం. బ్యాటరీ అక్కర్లేదు. కానీ తేమ తగిలి, వయసు మీదపడి సెల్ నీరసిస్తుంది. నీరసించిన సెల్‌కి మళ్ళీ ప్రాణం పోయడం దాదాపు అసాధ్యం. మసక వెలుగులో కూడా ఇది అంత బాగా పనిచేయదు.

రెండోది క్యాడ్మియం సల్ఫైడ్, 1960ల నాటిది. మసక వెలుగులో దిట్ట. కానీ వీటిలో చాలావాటికి పీఎక్స్ 625 అనే పాదరసం బ్యాటరీ కావాలి. అది చివరిదాకా 1.35 ఓల్టుల దగ్గర నిలకడగా ఉండేది. పాదరసం విషం కాబట్టి అమెరికాలో 1996లో చట్టం చేసి అమ్మకం ఆపేశారు, మిగతా చోట్లా కనుమరుగైంది. అదే సైజులో దొరికే ఆల్కలైన్ బ్యాటరీ 1.5 ఓల్టులతో మొదలై రోజురోజుకీ దిగుతుంది, మీటరు కూడా దానితోపాటే తప్పు చెబుతుంది. వినికిడి యంత్రాల్లో వాడే 675 సైజు జింక్-ఎయిర్ బ్యాటరీ మందుల షాపులో దొరుకుతుంది, దాని ఓల్టేజి దగ్గరగానే ఉంటుంది, కాకపోతే స్టిక్కరు పీకాక కొన్ని నెలల్లో ఎండిపోతుంది. తయారీ ఆగిపోయిన లైబ్రరీ మీద ఆధారపడ్డ పాత ప్రోగ్రాములతో వేగేవాళ్ళకి ఇదంతా కొత్తేం కాదు.

మూడోది సిలికాన్, 1970ల నుంచి. చురుకైనది, నమ్మకమైనది, వీటిలో చాలావరకు ఇప్పటికీ దొరికే బ్యాటరీలతోనే నడుస్తాయి. ధర కాస్త ఎక్కువ.

కొనేముందు చేయాల్సిన పరీక్షలు తేలిక. సెల్‌ని అరచేత్తో పూర్తిగా మూస్తే ముల్లు సున్నా మీద నిలవాలి. మీటరుని అటూ ఇటూ వంచినా ముల్లు ఇరుక్కోకూడదు. మబ్బు లేని మధ్యాహ్నం, నిండు ఎండలో, 100 వేగానికి ఎఫ్/16, సెకనులో 125వ వంతు దగ్గర్లో చెప్పాలి. ఎండ పాతికేళ్ళ క్రితం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది కాబట్టి ఇంతకంటే చవకైన ప్రమాణం లేదు. ఆ తర్వాత నీడలో, కిటికీ పక్కన, రాత్రి ట్యూబులైటు కింద కొలిచి, ఫోను యాప్‌తో పోల్చండి. అన్ని చోట్లా ఒకే తేడా, ఒక స్టాపు తక్కువో ఎక్కువో వస్తే బెంగలేదు. ఫిల్ము వేగం అంకె మార్చి పెట్టుకుంటే సరిపోతుంది. ఎండలో సరిగ్గా చెప్పి నీడలో రెండు స్టాపులు తప్పితే మటుకు దండం పెట్టి వచ్చేయండి.

చూశారుగా, యాప్ మీద నాకేమీ పగ లేదు, కొత్తది పాతదాన్ని సరిచూడ్డానికి భేషుగ్గా పనికొస్తుంది. మీటరు కొన్నాక మొదటి రీలుకి ఒక పని చేయండి. ప్రతి ఫోటోకీ చిన్న పుస్తకంలో మూడు గడులు రాయండి: మీటరు ఏం చెప్పింది, నేను ఏం పెట్టాను, ఎందుకు. ఆ "ఎందుకు" గడి ఖాళీగా ఉంటే ఆ ఫోటో మీటరు తీసినట్టు. రీలు కడిగించి వచ్చాక పుస్తకం పక్కన పెట్టుకుని చూడండి. 36 ఫోటోలకి 36 పాఠాలు.

ఇంతకీ ఎక్కడ కొనాలంటే, మీ ఊళ్ళో ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపిన పెద్దాయన ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. డిజిటల్ వచ్చాక మూతపడ్డ స్టూడియోల బీరువాల్లో ఇలాంటివి పడుండే అవకాశం ఉంది. వెళ్ళి, "బాబాయ్‌గారూ, మీ మీటరు ఒకసారి చూపిస్తారా" అని అడగండి. మీటరు దొరికితే సరే. దొరక్కపోయినా, తెల్ల పంచెల పెళ్ళిళ్ళలో మొహాలు ఎలా పట్టేవారో ఆయన్ని అడిగి తెలుసుకుని రండి.